వలకు మాట లేని జాలరులు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ నవల కోసం నువ్వు కల్పించిన జనం గురించి పంపిన ఫైలు రెండుసార్లు చదివాను. నవల ఇంకా మొదలే కాలేదు గానీ 112 పేజీల సరంజామా తయారైంది: నిఘంటువు, రాజుల వంశావళి, యుద్ధవిద్యలో 64 పట్లు. నీ ఓపికకు మెచ్చుకోవాల్సిందే.

నీ జనం పెద్ద సరస్సు మధ్య లంకల్లో ఉంటారు, చేపలు పట్టుకుని బతుకుతారు అన్నావు. నిఘంటువులో చూస్తే కత్తికి తొమ్మిది మాటలున్నాయి. వలకు ఒక్కటీ లేదు. బురదకు లేదు. వీళ్లు పొద్దున్నే లేచి ఏం చేస్తారో నువ్వింకా చూడలేదని నాకక్కడే అనుమానం వచ్చింది.

ఓసారి కొల్లేరు వెళ్లి రెండు రోజులుండి రా. దోనె ఎక్కు. నిలబడి గెడ వేసే మనిషి కాళ్లు చూడు. పాదం లేవదు, మోకాళ్లు కాస్త మడిచి ఉంటాయి, తోపంతా నడుములోంచి వస్తుంది. అది చూసొచ్చి నీ 64 పట్లు మళ్లీ చదువు. సగం గాల్లోకి ఎగిరి తన్నేవే! దోనె మీద ఎగిరితే తన్ను ఎవరికి తగులుతుందో గానీ, నీళ్లలో పడేది మాత్రం ఎగిరినవాడే. వాళ్ల చేతిలో పొద్దస్తమానం ఉండేది గెడ. విద్య కూడా దాంతోనే పుడుతుంది. ఎదుటివాడిని కొట్టడం తర్వాత, ముందు వాడి దోనెను తిప్పేయాలి. గురువు మొదటి ఏడాదంతా పిల్లాడికి నిలబడటమే నేర్పుతాడు. పట్ల పేర్లు కూడా వజ్రఘాతం, మృత్యుచక్రం అని ఉండవు. 'కొంగ నిలుపు', 'వల విసురు' అని ఉంటాయి. ఆరు పట్లు ఉంచుకో, మిగతావి కొట్టేయ్. ఆ ఆరూ నువ్వే ఓ వెదురు బొంగు పట్టుకుని డాబా మీద చేసి చూడు. పక్కింటివాళ్లు నవ్వితే నవ్వనీ.

భాష, చరిత్ర, యుద్ధవిద్య మూడింటికీ మూడు ఫోల్డర్లు పెట్టావు చూశావా, అసలు చిక్కు అక్కడుంది. బ్రెజిల్‌లో కపోయెరా అని ఒక విద్య ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల మధ్య పెరిగింది. గుండ్రంగా నిలబడి పాడుతూ, మధ్యలో ఇద్దరు ఆడతారు. ఒకే తీగ ఉన్న విల్లు లాంటి వాయిద్యం, బెరింబావు, ఆట వేగాన్ని నడిపిస్తుంది. 1890 శిక్షాస్మృతిలో దాన్ని నేరంగా రాశారు. బెరింబావు మీద 'కవలరియా' అనే వరస ఒకటుంది, గుర్రపు డెక్కల చప్పుడులా సాగుతుంది. గుర్రాల మీద పోలీసులొస్తున్నారని హెచ్చరించే వరస అదని చెప్పుకుంటారు. ఆటగాళ్లు ఒకరినొకరు మారుపేర్లతో పిలుచుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. ఒక్క వరసలో చట్టం, భయం, సంగీతం, దెబ్బ అన్నీ ఇమిడిపోయాయి. ఇందులో ఏది ఏ ఫోల్డరులో పెడతావు?

ఇక భాష. 600 మాటలు చేశావు, వ్యాకరణం మాత్రం తెలుగుదే. మాట మార్చి వాక్యం అలాగే ఉంచితే అది సంకేతలిపి అవుతుంది గానీ భాష కాదు. హాలీవుడ్ 'స్టార్ ట్రెక్' సినిమాల్లోని గ్రహాంతరవాసుల కోసం క్లింగాన్ భాష చేసిన మార్క్ ఓక్రాండ్ కర్మను ముందు, క్రియను మధ్యలో, కర్తను చివర పెట్టాడు. లోకంలో చాలా అరుదైన వరస అది. నిన్ను అంత దూరం వెళ్లమనను. మన దగ్గరున్న 'మనం', 'మేము' తేడా చాలు. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. బందీగా పట్టుకొచ్చిన పరాయివాడు నెలల తరబడి 'మీరు', 'నేను' అంటూ ఉండి, ఒక రాత్రి గాలివానలో తాడు లాగుతూ 'మనం' అన్నాడనుకో. నీకో అధ్యాయం దొరికినట్టే.

మాటలకు వయసు కూడా ఉంటుంది. మన 'క్రొత్త' కొత్త అయింది, 'మ్రాను' మాను అయింది. నీ భాషలోనూ అలాంటి అరుగుదల ఒక్కటి పెట్టు. ముసలమ్మ పాటలో పాత రూపం, మనవడి నోట కొత్తది. నువ్వు రాసిన వెయ్యేళ్ల వంశావళి కన్నా అదే ఎక్కువ చరిత్ర చెబుతుంది.

ఆ వంశావళి నాకు నిద్ర తెప్పించింది, నిజం చెప్పాలంటే. జనం చరిత్రను అలా గుర్తుపెట్టుకోరు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిది. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు. కథలో నాగమ్మ తంత్రగత్తె. అదే కథ నలగామరాజు పక్షంవాళ్లు పాడి ఉంటే ఆవిడ ఇంకోలా ఉండేది. మన నోట మిగిలింది మాత్రం కోడిపందెం, బాలచంద్రుడి బొంగరం. నీ జనానికి కూడా ఒక బొంగరం కావాలి. ఎవరు పాడుతున్నారో, ఏం దాస్తున్నారో నీకు తెలిసుండాలి.

చివరిగా నా తప్పు ఒకటి చెబుతాను. నా తొలి నవలలో శత్రువులు కొండమనుషులు. వాళ్ల నోట అన్నీ ఘ, ఢ, ఖ్ర. కోపం తప్ప ఇంకేదీ పలకని భాష. అచ్చయ్యాక మన్యంలో పనిచేసే ఒక టీచరు కార్డు రాశాడు: "మీ కొండవాళ్లు పిల్లల్ని ఏ భాషలో జోకొడతారండీ?" నా దగ్గర జవాబు లేదు. 2015లో బాహుబలి వచ్చినప్పుడు మదన్ కార్కీ చేసిన కిలికి భాషను వీధిలో పిల్లలంతా నాలుక టకటకలాడిస్తూ అనుకరించారు. సరదాగానే ఉండింది. నాకు మాత్రం ఆ కార్డు గుర్తొచ్చింది. అలాంటి టకటక శబ్దాలు దక్షిణాఫ్రికాలో జులూ, ఖోసా మాట్లాడేవాళ్లకు మామూలు హల్లులు. బేరాలూ ప్రేమలూ వాటితోనే.

ఈసారి నిఘంటువు పంపకు. దోనెలో నీళ్లు చేరిన రోజున ఒక తల్లి కొడుకుని తిట్టే సీను రాసి పంపు, రెండు పేజీలు చాలు. అందులో నీ భాష మాటలు నాలుగుకు మించొద్దు. పీడీఎఫ్ కాదు, వర్డ్ ఫైలు పంపు. అక్షరాలు పెద్దవి చేసుకోకపోతే ఈ కళ్లకు ఆనడం లేదు.

నీ
అన్నయ్య