ఎర్రలైటు ఆరకపోతే తప్పు డైనమోదేనా? – పాతకార్ల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చార్జింగ్ బాధలే ఎక్కువ. అన్నీ డైనమో (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపే యంత్రం) ఉన్న బండ్లే కాబట్టి ఒకచోట చేర్చాం. కింద ఇచ్చిన అంకెలు లూకాస్ 12 వోల్టుల సి40 డైనమోకి, ఆర్‌బి106/2 కంట్రోల్ బాక్సుకి చెందినవి. డైనమో వోల్టేజిని అదుపు చేస్తూ, అది ఆగినప్పుడు బ్యాటరీ నుంచి విడదీసే ఈ బాక్సునే మన మెకానిక్కులు ‘కటౌట్’ అని పిలుస్తారు. వేరే కంపెనీల డైనమోల్లో ఫీల్డ్ కాయిల్ (లోపల అయస్కాంతశక్తి పుట్టించే తీగచుట్ట) కనెక్షన్ మరోలా ఉండొచ్చు. వాటి మీద ఈ పరీక్షలు గుడ్డిగా చేయొద్దు.

ప్రశ్న: మా 1965 అంబాసిడర్ మార్క్ 2 పన్నెండేళ్లు షెడ్డులోనే ఉంది. బాడీ పని, కొత్త వైరింగ్ అయ్యాక ఇంజిన్ బాగానే అందుకుంటోంది. కానీ డాష్‌బోర్డు మీది చార్జింగ్ ఎర్రలైటు ఆరడం లేదు, అమ్మీటర్ (బ్యాటరీలోకి కరెంటు వస్తోందో, బయటికి పోతోందో చూపే మీటరు) ముల్లు ఎప్పుడూ మైనస్ వైపే. ఆర్మేచర్ (డైనమో లోపల తిరిగే తీగచుట్ల భాగం) కొత్తగా చుట్టించాలని వైండింగ్ షాపులో చెప్పారు. చుట్టించమంటారా? – పాఠకుడు, గుంటూరు

జవాబు: అప్పుడే వద్దు. డైనమో బండిమీద ఉండగానే పావుగంటలో తేలిపోయే విషయం ఇది.

ముందు ఫ్యాన్ బెల్టు చూడండి. పొడుగ్గా ఉన్న వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే 13 మి.మీ. దాకా దిగాలి. అంతకన్నా వదులైతే బెల్టు జారుతుంది. మరీ బిగిస్తే డైనమో బేరింగులు పోతాయి.

తర్వాత మీ బండికి తప్పనిసరిగా చేయాల్సిన పని, డైనమోకి ‘పొలారిటీ’ ఇవ్వడం, అంటే బ్యాటరీ ప్లస్, మైనస్‌లకి సరిపోయేలా దానిలో అయస్కాంతం మళ్లీ ఎక్కించడం. డైనమోలో శాశ్వత అయస్కాంతం ఉండదు. ఇనుప పోల్ ముక్కల్లో మిగిలిన కాస్త అయస్కాంతంతోనే కరెంటు పుట్టడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి తిరగకపోయినా, విప్పి సుత్తితో కొట్టినా ఆ కాస్తా పోతుంది. ఇంజిన్ ఆపి, డైనమో మీది చిన్న టెర్మినల్ ‘ఎఫ్’ నుంచి వయరు ఊడదీయండి. బ్యాటరీలో బాడీకి కలపని కొస నుంచి ఒక వయరు తెచ్చి ఆ ‘ఎఫ్’కి రెండు మూడుసార్లు తాకించి తీసేయండి. చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే. బిగించి ఉంచొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. పెద్ద టెర్మినల్ ‘డి’ వయరు కూడా తీసి, ‘డి’, ‘ఎఫ్’ రెంటినీ ఒక తీగముక్కతో కలపండి. ఆ తీగకీ డైనమో బాడీకీ మధ్య ముల్లుండే వోల్ట్‌మీటర్ పెట్టండి (డిజిటల్ మీటర్లలో అంకెలు ఎగిరిపడి అయోమయపెడతాయి). ఇంజిన్ను ఐడ్లింగ్‌లో వదిలి నెమ్మదిగా రేస్ చేస్తూ పొండి. ముల్లు తొణక్కుండా 15 వోల్టులు దాటితే డైనమో ఆరోగ్యంగా ఉన్నట్టే. 20 దాటనివ్వొద్దు. ఆ స్థితిలో దాన్ని అదుపు చేసేదేమీ లేదు, ఫీల్డ్ కాయిల్ కాలిపోతుంది.

ముల్లు పైకి లేవకపోతే ఎక్కడ ఆగిందో చూడండి. అసలు కదలకపోతే కార్బన్ బ్రష్‌లు ఇరుక్కున్నట్టు. అర నుంచి ఒక వోల్టు దగ్గర ఆగితే ఫీల్డ్ కాయిల్ అనుమానం: ‘ఎఫ్’ నుంచి బాడీకి దాదాపు 6 ఓమ్‌లు రావాలి. సున్నా వస్తే టెర్మినల్ దగ్గర ఇన్సులేషన్ చితికి బాడీకి షార్టయింది, ఏమీ రాకపోతే కాయిల్ తెగింది. 4, 5 వోల్టుల దగ్గర నిలిస్తేనే ఆర్మేచర్ అనుమానం. మీ వైండింగ్ షాపు మాట నిజమయ్యేది ఆ ఒక్క సందర్భంలోనే.

డైనమో పాసైతే వయర్లు మళ్లీ తగిలించి, ఈసారి కటౌట్ దగ్గర ‘డి’, ‘ఎఫ్’ వయర్లు తీసి కలిపి ఇదే పరీక్ష చేయండి. అక్కడ వోల్టేజి రాకపోతే కొత్త వైరింగ్‌లోనే తేడా ఉంది. ‘డి’, ‘ఎఫ్’ తారుమారు కావడం కొత్త వైరింగ్‌లో మామూలే.

డైనమో విప్పక తప్పకపోతే కార్బన్లు 7 మి.మీ. దగ్గరికి అరిగితే మార్చేయండి. కమ్యూటేటర్‌ని (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల భాగం) స్పిరిట్ గుడ్డతో తుడిచి, నున్నటి ఉప్పుకాగితం పట్టండి. ఎమరీ పేపర్ మాత్రం వద్దు, ఆ రజను రాగిలో దిగబడి కార్బన్లను తినేస్తుంది. గాడి పడి ఉంటే లేత్ మీద పలచగా తీయించి, రాగి పట్టీల మధ్యనున్న అభ్రకాన్ని 0.8 మి.మీ. లోతుకి గీకించాలి. హాక్సా బ్లేడు పక్కల్ని అభ్రకం మందానికి సానబడితే అదే పనిముట్టు. గీకడం మానేస్తే రాగి అరిగి అభ్రకం పైకి తేలుతుంది, కార్బన్ దానిమీద ఎగురుతూ నిప్పులు చిమ్ముతుంది.

వెనక బుష్ (ఆర్మేచర్ ఇరుసు తిరిగే లోహపు గొట్టం) అరిగితే ఆర్మేచర్ పోల్ ముక్కలకి రాసుకుంటుంది. లోపల ఇనుము ఒకవైపు తళతళా మెరుస్తుంటే ఇదే కారణం. కొత్త బుష్‌ని 24 గంటలు పలచటి ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి బిగించండి. బిగించాక రీమర్ (రంధ్రాన్ని పెద్దది చేసే పనిముట్టు) పెట్టొద్దు, నూనె పీల్చుకున్న రంధ్రాలు మూసుకుపోతాయి.

ప్రశ్న: పెయింట్ చేయించి తెచ్చుకున్న నెలలోనే రెండుసార్లు హెడ్‌లైట్ బల్బులు మాడాయి. బ్యాటరీ నీళ్లు మరిగిపోతున్నాయి. మెకానిక్ కటౌట్ స్క్రూ తిప్పి చూసినా అమ్మీటర్ 20 దగ్గర నుంచి దిగలేదు. – పాఠకుడు, హన్మకొండ

జవాబు: జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: పెయింట్. కటౌట్ మీద ఎ, ఎ1, ఎఫ్, డి, ఇ అని ఐదు టెర్మినల్స్ ఉంటాయి. చివరి ‘ఇ’ బాడీకి ఎర్త్. దాని స్క్రూ కింద రంగు పేరుకుంటే లోపలి వోల్టేజి కాయిల్‌కి కరెంటు అందదు. కాయిల్ లాగకపోతే పాయింట్లు తెరుచుకోవు. అప్పుడు డైనమో పగ్గం లేని ఎద్దే. ఎంత స్క్రూ తిప్పినా అందుకే దిగలేదు.

స్క్రూ కింద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, పళ్లున్న వాషర్ వేసి బిగించండి. పైన కాస్త గ్రీజు రాస్తే తుప్పు పట్టదు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ కూడా ఉందో లేదో చూడండి. ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు దాన్ని మరిచిపోవడం మామూలే.

తిప్పేసిన స్క్రూని మళ్లీ దారిలో పెట్టాలి. కటౌట్ నుంచి ఎ, ఎ1 వయర్లు తీసి ఆ రెంటినీ ఒకదానికొకటి కలిపి టేపు చుట్టండి. వోల్ట్‌మీటర్ ‘డి’కీ ‘ఇ’కీ మధ్య పెట్టండి. ఇంజిన్ను మెల్లగా రేస్ చేస్తుంటే ముల్లు ఎగబాకి, ఒకచోట చిన్నగా వణికి నిలబడుతుంది. నిలబడ్డ అంకె 30 డిగ్రీల వేడిలో 15.6 నుంచి 16.2, మన ఎండాకాలపు 40 డిగ్రీల్లో 15.3 నుంచి 15.9 వోల్టుల మధ్య ఉండాలి. ఆ అంకె చూసి కంగారు పడొద్దు. బ్యాటరీ కలపనప్పటి లెక్క అది, కలిపాక అంత ఉండదు. రెగ్యులేటర్ స్క్రూ కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది. ఒక్కో విడత చుట్టులో చిన్న భాగం మాత్రమే తిప్పండి. అంతా 30 సెకన్లలో ముగించాలి. ఆలస్యమైతే కాయిల్ వేడెక్కి తప్పుడు అంకె చూపిస్తుంది.

ప్రశ్న: మా మోరిస్ మైనర్‌లో బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంది. ఫోన్ చార్జర్, స్టీరియో పెట్టాలంటే తిప్పక తప్పదంటున్నారు. డైనమో మార్చాలా? – పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: అక్కర్లేదండీ. లూకాస్ పుట్టిన ఊళ్లోనే ఉన్నారు, విడిభాగాలకీ మీకు కొదవుండదు! బ్యాటరీ తిప్పి పెట్టాలి. ప్లస్ కొమ్ము లావుగా ఉంటుంది కాబట్టి క్లాంపులు కూడా మార్చుకోవాలి. ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు సన్న వయర్లు తారుమారు చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే మొదటి జవాబులో చెప్పినట్టు డైనమోకి కొత్త పొలారిటీ ఇవ్వండి. ఇది మరిచి స్టార్ట్ చేస్తే కటౌట్ పాయింట్లు అతుక్కుపోతాయి. అమ్మీటర్ ఉన్న బండైతే దాని వయర్లు కూడా తిప్పాలి. సెల్ఫ్ మోటారుకి ఏ మార్పూ లేదు. ఎస్‌యు పెట్రోల్ పంపు లోపల డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగం) ఉందేమో చూడండి, ఉంటే దాన్నీ తిప్పాలి. చివరగా బానెట్ కింద ‘మైనస్ ఎర్త్’ అని పెయింటుతో రాసి పెట్టండి, తర్వాత చేయి పెట్టే మెకానిక్ కోసం.

ప్రశ్న: హాలోజన్ హెడ్‌లైట్లు వేశాక రాత్రి సిటీలో బ్యాటరీ దిగిపోతోంది. డైనమో తీసి, కొత్త కార్లలో ఉండే ఆల్టర్నేటర్ పెట్టేయమంటారా? బండి 1968 అంబాసిడర్. – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు లెక్క చూడండి. రెండు 60 వాట్ల బల్బులు 10 ఆంపియర్లు, టెయిల్, పార్కింగ్, నంబర్‌ప్లేటు లైట్లు 2 నుంచి 3, ఇగ్నిషన్ 3 నుంచి 4, వైపర్ మరో 3. మొత్తం 18 నుంచి 20. డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22. అదీ బండి వేగంగా పోతుంటేనే. ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు, అందుకే జగదాంబ జంక్షన్ దగ్గర నిలబడ్డంతసేపూ ఖర్చు బ్యాటరీదే.

పాత 45/40 వాట్ల బల్బులకి తిరిగి రండి, టెయిల్, పార్కింగ్‌లకి ఎల్‌ఈడీ వేయండి. ఇండికేటర్లకి ఎల్‌ఈడీ వేస్తే పాత ఫ్లాషర్ కొట్టుకోదు, దాన్నీ మార్చాలి. మా ఓటు దీనికే.

రోజూ నడిపే బండైతే ఆల్టర్నేటర్ తప్పు కాదు. మైనస్ ఎర్త్ ఉంటేనే పెట్టండి, లేకపోతే డయోడ్లు క్షణంలో పోతాయి. పాత ‘డి’ వయరుతో సరిపెట్టొద్దు. కనీసం 6 చదరపు మి.మీ. రాగి వయరు, ఫ్యూజుతో కొత్తగా లాగండి. 30 ఆంపియర్ల అమ్మీటర్‌ని దారి తప్పించి వోల్ట్‌మీటర్ పెట్టండి. ఎర్రలైటు బల్బుని తీసేయొద్దు, ఆల్టర్నేటర్ మేలుకోవడానికి కరెంటు దానిగుండానే వస్తుంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కాబట్టి బ్రాకెట్ కోసం ఇంజిన్ బ్లాకుని కోయనివ్వొద్దు. విప్పిన డైనమో, కటౌట్ పాతసామాను వాడికి అమ్మకుండా దాచండి.

ప్రశ్న: ఇంజిన్ ఆపాక కూడా అమ్మీటర్ ముల్లు మైనస్ చివరకంటా పోయి, డైనమో కాలుతున్న వాసన వస్తోంది. – పాఠకుడు, నెల్లూరు

జవాబు: కటౌట్ పాయింట్లు అతుక్కుపోయాయి. ఆగిన డైనమోలోకి బ్యాటరీ కరెంటు వెనక్కి పారుతోంది. ముందు బ్యాటరీ వయరు పీకండి, మిగతా ఆలోచన తర్వాత. పాయింట్లు విడదీసి నున్నటి ఉప్పుకాగితంతో శుభ్రం చేసి స్పిరిట్‌తో తుడవండి. అవి వెండివి, సానరాయి పెట్టొద్దు. పాయింట్లు 12.7 నుంచి 13.3 వోల్టుల మధ్య కలవాలి, దిగేటప్పుడు 8.5 నుంచి 11 మధ్య విడిపోవాలి. మళ్లీ అతుక్కుంటే బాక్సు మార్చేయండి.