అమ్మ బర్కత్‌పురాలో, ఉద్యోగం బెంగళూరులోనా పుణేలోనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 41 ఏళ్లు. పదహారేళ్లుగా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఇక్కడ మా టీమ్‌ని ఎత్తేస్తున్నారు. చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి, ఒకటి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో, ఇంకోటి పుణే హింజవడిలో. పుణేవాళ్లు ఏడాదికి లక్ష రూపాయలు ఎక్కువ ఇస్తామంటున్నారు. మావారు నారాయణగూడలో జూనియర్ కాలేజీ లెక్చరర్. అవసరమైతే మానేసి నాతో వస్తానంటున్నారు. పాప ఏడో తరగతి అయిపోవచ్చింది, డాక్టర్నవుతానంటుంది. మేం నల్లకుంటలో అద్దెకుంటున్నాం. మా అమ్మకి 73 ఏళ్లు, షుగర్ ఉంది. బర్కత్‌పురాలో సొంతింట్లో ఒక్కతే ఉంటుంది, ఆ ఇల్లు వదిలి రానంటోంది. పది రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏ ఊరు వెళ్తారు?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: తల్లీ, నేనైతే బెంగళూరు వెళ్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

నేను బ్యాంకులో 33 ఏళ్లు పనిచేశాను. 2001లో ప్రమోషన్ ఇచ్చి భోపాల్, బెంగళూరు రెండిట్లో ఒకటి కోరుకోమన్నారు. భోపాల్‌లో క్వార్టర్స్ ఉన్నాయి. అద్దె మిగులుతుందని లెక్క వేసుకుని భోపాల్ వెళ్లాను. మా నాన్న చిక్కడపల్లిలో ఉండేవారు. మరుసటి జనవరిలో ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు, నాన్నకి గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చామని. ఆ రాత్రి నాకు రైలు దొరకలేదు. మర్నాడు జనరల్ పెట్టెలో ఎక్కి, ఆ పై రోజు సికింద్రాబాద్‌లో దిగాను. ప్లాట్‌ఫాం మీద తమ్ముడు నా చేతిలో సంచీ అందుకున్నాడు కానీ ఏమీ మాట్లాడలేదు. నాకు అర్థమైపోయింది.

అందుకే ఉద్యోగానికి ఊరు మారేవాళ్లు ఎవరు అడిగినా ముందు నేను వాళ్లని ఒకటి అడుగుతాను. ఇంటి నుంచి ఫోన్ వస్తే, అక్కడ తలుపు తాళం వేసిన దగ్గర్నుంచి ఇక్కడ గుమ్మంలో అడుగు పెట్టేదాకా ఎంతసేపు పడుతుంది?

రోడ్డు మీద చూస్తే హైదరాబాద్ నుంచి బెంగళూరూ పుణే ఇంచుమించు ఒకే దూరం, 560, 570 కిలోమీటర్లు. కర్నూలు, అనంతపురం మీదుగా ఒకటి, జహీరాబాద్, సోలాపూర్ మీదుగా ఒకటి. అసలు తేడా ఊళ్ల లోపల ఉంది. 2025 ఆగస్టులో బెంగళూరులో ఎల్లో లైన్ మెట్రో మొదలైంది, ఎలక్ట్రానిక్ సిటీ దాని మీదే ఉంది. అక్కడ ఎక్కి ఆర్‌వీ రోడ్‌లో గ్రీన్ లైన్‌కి మారితే ఊరి పెద్ద రైల్వే స్టేషన్ ఉన్న మెజెస్టిక్‌కి వెళ్లొచ్చు, ఇంకా ముందుకు వెళ్తే యశ్వంతపూర్‌కీ వెళ్లొచ్చు. మెజెస్టిక్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడలో దింపే రైలు ఉంది. 2023 సెప్టెంబరు నుంచి యశ్వంతపూర్, కాచిగూడ మధ్య వందేభారత్ కూడా నడుస్తోంది, ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. కాచిగూడలో దిగితే బర్కత్‌పురా ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆటోలో పది నిమిషాలు.

పుణేకి సికింద్రాబాద్ నుంచి శతాబ్ది ఉంది, అదీ దాదాపు అంతే సమయం. కానీ హింజవడి నుంచి పుణే స్టేషన్‌కి చేరడానికి ఆ ట్రాఫిక్‌లో ఇరవై కిలోమీటర్లకు పైగా పోవాలి. మనసు బాగాలేనప్పుడు ఆ ఇరవై కిలోమీటర్లు చాలా పెద్దవి. విమానం ఉంది కదా అంటారేమో. బెంగళూరు విమానాశ్రయం ఊరికి ఉత్తరాన దేవనహళ్లిలో ఉంది, మీ ఆఫీసు దక్షిణాన. మధ్యలో 50 కిలోమీటర్లు. ఇటు శంషాబాద్ నుంచి మళ్లీ బర్కత్‌పురా దాకా రావాలి. గంట ప్రయాణమని విమానాన్ని నమ్ముకోకండి.

పుణే మంచి ఊరే. మన హైదరాబాద్ హిందీతో అక్కడ హాయిగా నెట్టుకురావచ్చు. ఆ లక్ష మాటకొస్తే, పన్నెండుతో భాగిస్తే నెలకి ఎనిమిది వేల మూడు వందల చిల్లర, అందులో మళ్లీ టాక్స్ పోతుంది. ఆ డబ్బు మీకు ఇంకోచోట దొరుకుతుంది. కిందికి వచ్చాక చెప్తాను.

ఇప్పుడు పాప సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. తెలంగాణలో కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే మెడికల్ సీటుకి లోకల్ అనిపించుకోవాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. 2024లో ఈ నిబంధన తెచ్చారు, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తల్లిదండ్రులు ప్రభుత్వ, సైనిక ఉద్యోగాల్లో బదిలీ అయితే మినహాయింపు ఉంది, ప్రైవేటు ఉద్యోగాలకి లేదు. పోనీ కర్ణాటకలోనే ఉండిపోదామంటే, అక్కడి కోటాకి మామూలుగా ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి లోపు ఏడేళ్లు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలి. మీ పాప ఎనిమిదిలో చేరితే పన్నెండు అయ్యేసరికి ఐదేళ్లే అవుతాయి. ఇక్కడా నాన్ లోకల్, అక్కడా నాన్ లోకల్. ప్రభుత్వ కాలేజీల్లో ఆలిండియా కోటా 15 శాతం ఉంటుంది, నిజమే, కానీ దానికి దేశమంతా పోటీ. పన్నెండేళ్ల పిల్ల రేపు మనసు మార్చుకోవచ్చు. ఆ తలుపు మాత్రం మనం మూయకూడదు.

ఎనిమిదో తరగతి ఒక్క ఏడాదికి తీసుకెళ్లి తొమ్మిదికి వెనక్కి పంపుదామా అంటే, దానికీ నేను ఒప్పుకోను. అక్కడి బడుల్లో కన్నడ తప్పనిసరి. ఏడాదిలో కొత్త బడి, కొత్త భాష, మళ్లీ వెనక్కి. పిల్ల నలిగిపోతుంది.

కాబట్టి మీవారు ఉద్యోగం మానొద్దు, పాప బడి మారొద్దు. నల్లకుంట ఇల్లు ఖాళీ చేసి వాళ్లిద్దరూ బర్కత్‌పురాలో మీ అమ్మగారింట్లో ఉండాలి. అక్కణ్నుంచి నారాయణగూడ కాలేజీ కూతవేటు దూరం. మీ అమ్మగారు ఒంటరిగా ఉండే బాధ తప్పుతుంది. నల్లకుంటలో మీరు కట్టే అద్దె ఆ పుణే ఎనిమిది వేల కంటే తప్పకుండా ఎక్కువే అయి ఉంటుంది. నేను చెప్తానన్న డబ్బు ఇదే.

బెంగళూరులో మొదటి ఆరు నెలలు మీరు ఆడవాళ్ల పీజీలో ఉండండి. ఇల్లు తీసుకుంటే ఇక్కడిలా రెండు నెలల అడ్వాన్స్‌తో సరిపోదు. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవారు, ఇప్పటికీ ఐదారు నెలలు అడిగేవాళ్లు ఎక్కువ. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలే. తర్వాత ఇల్లు చూసుకున్నా కావేరీ నీళ్లు వస్తాయా, బోరా, ట్యాంకరా అని అడిగి తీసుకోండి. 2024 ఎండాకాలంలో ఆ ఊరు నీళ్లకి ఎంత అల్లాడిందో పేపర్లలో చూశాం. స్కూటీ ఇక్కడే వదిలేయండి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటితే రిజిస్ట్రేషన్ మార్పించాలి, ఎన్‌ఓసీ, ఆర్‌టీఏ చుట్టూ తిరుగుడు, అదంతా మీకెందుకు.

సరే అని చెప్పే ముందు కంపెనీని ఒకటి అడగండి. వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలి, నెలలో ఒక వారం హైదరాబాద్ నుంచి పనిచేయనిస్తారా? ఫోన్‌లో సరే అంటే చాలదు, మెయిల్‌లో రాయించుకోండి. ఇవ్వకపోయినా బెంగళూరే అంటాను. ఇస్తే మాత్రం పాపకి అమ్మ నెలకో వారం పూర్తిగా దొరుకుతుంది.

ఇంకొక్క మాట. అల్లుడు అత్తగారింట్లో ఉండడమేమిటని మీవారికి మొహమాటం ఉండొచ్చు, పైకి చెప్పకపోవచ్చు కూడా. ఉండమని మీరు అడిగితే మీ కోసం ఒప్పుకుంటారు, లోపల కష్టంగానే ఉంటుంది. ఆ మాట మీ అమ్మగారి నోటి నుంచి రావాలి. ఈ ఆదివారం ఆయన్ని ఒక్కరినే బర్కత్‌పురాకి భోజనానికి పంపండి. మీరు వెళ్లకండి. ఆవిడ వడ్డిస్తూ, "నాకు తోడుగా ఉండు నాయనా" అని అడగాలి.