కాక్టస్ పోటీకి సన్నాహం ఎండాకాలంలోనే మొదలుపెట్టండి

నాలుగేళ్లుగా మిద్దె మీద పెంచుతున్న కాక్టస్, సక్యులెంట్ (ఆకుల్లోనో కాండంలోనో నీరు దాచుకునే) మొక్కలను ఈ శీతాకాలం హన్మకొండలో మొక్కల క్లబ్బు పోటీలో మొదటిసారి పెట్టాలనుకుంటున్నానని, ఏ మొక్కను ఎంచుకోవాలో, ఎలా సిద్ధం చేయాలో చెప్పమని మీరు అడిగారు. ఇక్కడి పోటీల్లో కొన్నేళ్లుగా పాల్గొంటున్న అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా విభాగాల జాబితాను శ్రద్ధగా చదవండి. ముళ్లున్నదల్లా కాక్టసేనని నమ్మి, మొదటి ఏడాది నేను నిటారుగా పెరిగిన యుఫోర్బియా ట్రైగోనాను కాక్టస్ విభాగంలో పెట్టాను. న్యాయనిర్ణేత మార్కులు వేయకుండానే దానిని పక్కన పెట్టించారు. ఏడాది శ్రమ అలా పోవడం నాకు చాలా బాధ కలిగించింది. కాక్టస్ ముళ్లు ఏరియోల్ అనే చిన్న నూగు దిండులో నుంచి పుడతాయి; యుఫోర్బియాకు అది ఉండదు. గీరితే పాలు కారడం యుఫోర్బియా లక్షణమే అయినా మామిలేరియా అనే కాక్టస్‌లలో కొన్నింటికీ పాలు వస్తాయి, కనుక ఏరియోల్‌ను చూసే తేల్చుకోండి. మన చేల గట్ల మీది నాగజెముడు నిజమైన కాక్టస్, కాడజెముడు మాత్రం యుఫోర్బియా.

ఇక ఎంపిక విషయానికి వస్తే, అరుదైన మొక్క కోసం వెతకకండి. మచ్చలేని, అన్ని వైపులా సమానంగా పెరిగిన సాధారణ మామిలేరియా, గాయాలున్న ఖరీదైన మొక్క కన్నా ఎంతో మేలు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండకు కమిలిన చోట బెరడులా గట్టిపడిన గోధుమరంగు మచ్చ ఎప్పటికీ పోదు. అందుకే నేను మార్చి నుంచే షేడ్ నెట్ కడతాను, వానాకాలంలో కుండీలను రేకుల కిందికి మారుస్తాను. ఎచెవీరియా అనే సక్యులెంట్ ఆకుల మీది తెల్లటి పొడి కూడా అటువంటిదే: వేలు తగిలితే ఆ ముద్ర ఆకు రాలేదాకా అలాగే ఉంటుంది, కనుక ఎప్పుడూ కుండీనే పట్టుకుని జరపండి.

కుండీ మార్చదలిస్తే పోటీకి కనీసం 2 నెలల ముందే మార్చండి, అప్పటికి వేర్లు కుదురుకుంటాయి. చివరి వారం సన్నని రంగుల బ్రష్‌తో ముళ్ల మధ్య దుమ్మును, సాలెగూళ్లను నెమ్మదిగా దులపండి; ఆ పని చేస్తున్నప్పుడే ఒకసారి నాకు ఏరియోల్స్ అడుగున దూది పింజలా దాక్కున్న పిండినల్లి కనిపించింది. ఆ మొక్కను వెంటనే మిగతావాటికి దూరంగా ఉంచి, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్క పురుగునూ తుడిచాను. బోరు నీటి ఉప్పు కుండీ అంచున తెల్లగా పేరుకుంటే వెనిగర్‌తో రుద్ది తీయవచ్చు, అయితే అది మొక్కకు తగలకూడదు. మట్టి మీద ఒకే సైజు కంకర పరిస్తే మొక్క ఎంతో నిండుగా కనిపిస్తుంది.

తీసుకువెళ్లే ముందు నాలుగైదు రోజులు నీళ్లు ఆపండి. పొడిగా ఉన్న కుండీ తేలికగా ఉంటుంది, మట్టి చెదిరి మొక్కకు అంటదు. కుండీల మధ్య నలిపిన పాత పేపర్లు కుక్కితే ఆటో కుదుపులకు అవి కదలవు. చీటీ మీద మొక్క పూర్తి పేరు రాయండి; జాతి కచ్చితంగా తెలియకపోతే తప్పు పేరు రాయడం కన్నా మామిలేరియా అనో, హవర్తియా అనో ప్రజాతి పేరు ఒక్కటే రాయడం మంచిది.