చెత్త ఎరువు చేలో పడే ముందు

చి. శీనుకి,

పశువుల ఎరువు దొరక్క మిరప చేనుకి మునిసిపాలిటీ కంపోస్టు తోలిద్దామనుకుంటున్నావట, మీ అమ్మ చెప్పింది. తోలించు, తప్పేం లేదు. కాకపోతే బేరం ఖాయం చేసే ముందు ఒక్క బస్తా తెచ్చుకుని చూడు.

గుప్పెడు తీసి పిండు. గుప్పిట విప్పగానే పొడిపొడిగా రాలాలి. ముద్దగా నిలిచిందంటే నీళ్ళకి డబ్బు కడుతున్నట్టే. తేమ 25 శాతం దాటకూడదు. తొలకరి మట్టి వాసన రావాలి. పుల్లటి కంపో, ముక్కు మండే ఘాటో వస్తే ఇంకా మాగలేదని. మాగని చెత్త చేలో పడితే దాన్ని చివికించే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినే తినేస్తాయి. నారు పసుపు రంగుకి తిరుగుతుంది, నువ్వేమో యూరియా బస్తా విప్పుతావు.

అనుమానముంటే కిలో కంపోస్టు పది లీటర్ల నీళ్ళలో గంట నానేసి గుడ్డలో వడకట్టు. ఆ నీళ్ళతో తడిపిన గుడ్డలో 20 మెంతి గింజలు, మంచినీళ్ళ గుడ్డలో 20 గింజలు మూటగట్టు. మూడోనాడు విప్పు. మంచినీళ్ళలో 18 మొలిచి, ఇందులో 12 మొలిచి, వేళ్ళు కురచగా కొసలు మాడినట్టుంటే ఆ సరుకు వద్దు. మాగకపోయినా అంతే, ఉప్పు ఎక్కువైనా అంతే. మాగనిది నెల ఆగితే బాగుపడుతుంది, ఉప్పు మాత్రం ఎన్నాళ్ళాగినా పోదు.

అందుకే పరీక్ష కాగితం అడుగు. ఇ.సి., అంటే ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, 4 లోపు ఉండాలి. కిలోకి సీసం 100, క్రోమియం 50, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు. కాగితం మీది బ్యాచి నంబరు, బస్తా మీది నంబరు ఒకటేనా చూసుకో, అక్కడే మాయ జరుగుతుంది. ఈ లోహాలు ఒకసారి నేలలో చేరితే మళ్ళీ తీసే దారి లేదు. ఆ చెక్కలో గోంగూర, పాలకూర వెయ్యకు, ఆకుకూరలు కాడ్మియాన్ని త్వరగా లాగుతాయి. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మిరపకి ఈ ఎరువు ఆలోచనే మానుకో.

మొదటి ఏడు ఎకరాకి 2 టన్నులు చాలు. నత్రజని 0.8 శాతం లెక్కన 16 కిలోలు, అదీ మొదటి పంటకి కొంతే అందుతుంది. కాబట్టి యూరియా పూర్తిగా ఆపెయ్యకు. నాటడానికి మూడు వారాల ముందు ఆఖరి దుక్కిలో చల్లి, ఆ పూటే కలియదున్ను. చల్లేముందు జల్లెడ పట్టించడం మరిచిపోకు. గాజు పెంకులు ఉంటాయి, కలుపు తీసేవాళ్ళవి ఒట్టి చేతులు.

ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం బూడిద ఊరికే వస్తుందని ఎవరన్నా ఆశ పెడితే వద్దను. అందులో నత్రజని ఉండదు, బోరాన్ ఎక్కువ. మన రేగడికి అసలే క్షారం ఎక్కువ, దాని మీద ఇదొకటా. ఉయ్యూరు వైపు ప్రెస్‌మడ్, అంటే చక్కెర మిల్లులో చెరకు రసం వడకట్టగా మిగిలే మడ్డి, దొరికితే మేలే. తాజాది వేడి పుడుతుంది, రెండు మూడు నెలలు కుప్పేసి మాగబెట్టు. రసాన్ని సున్నం, బొగ్గుపులుసు వాయువులతో తేర్చే కార్బొనేషన్ పద్ధతిదైతే సున్నం ఎక్కువ, మనకొద్దు. గంధకం పొగతో తేర్చే సల్ఫిటేషన్‌దేనా అని అడిగి తీసుకో.

మధ్యలో నాలుగు సాళ్ళు కంపోస్టు లేకుండా వదిలి రెండు కొసలా కర్రలు పాతు. ఆ సాళ్ళ కాయ విడిగా కోయించి, విడిగా తూకం వేయించు.

మీ పెదనాన్న