మహిళా డైరెక్టరు కావాలంటూ నా సంతకం అడుగుతున్నారు

ప్రశ్న: మాది చీమకుర్తి. మామగారు, బావగారు గ్రానైట్ పాలిషింగ్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడుపుతున్నారు. బ్యాంకు లోను ఉంది. ‘బోర్డులో ఆడమనిషి ఉండాలని చట్టం ఉందంట, నువ్వు సంతకం పెట్టు, మిగతాది ఆడిటరు చూసుకుంటాడు’ అంటున్నారు. రేపు ఏదైనా అయితే నా మీదికి వస్తుందా? టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి

జవాబు: అమ్మా, చట్టం ఉన్నమాట నిజమే. మీ కంపెనీకి మాత్రం అది వర్తించదు. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ కింద మహిళా డైరెక్టరు తప్పనిసరి అయ్యేది లిస్టెడ్ (షేర్లు స్టాక్ మార్కెట్లో నమోదైన) కంపెనీలకు, వాటాదారులు చెల్లించిన మూలధనం 100 కోట్లు లేదా టర్నోవరు 300 కోట్లు, ఆపైన ఉన్న పబ్లిక్ కంపెనీలకు. ఏదైనా పబ్లిక్ కంపెనీకి అనుబంధ సంస్థ అయితే తప్ప, ప్రైవేట్ లిమిటెడ్‌కు ఆ బాధ్యత లేదు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీల్లో ఆ మహిళ ఇండిపెండెంట్ డైరెక్టరే, అంటే యజమానులతో సంబంధం లేని మనిషే, అయి ఉండాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అంటోంది. భార్యనో కోడలినో కూర్చోబెట్టి చట్టం అయిందనిపిస్తే అక్కడ కుదరదు.

మరి మీ సంతకం ఎందుకు? నా అనుమానం బ్యాంకు కాగితాల మీదే. కంపెనీ అప్పు డైరెక్టరు సొంత అప్పు కాదు. కానీ వ్యక్తిగత హామీపత్రం మీద సంతకం పెడితే, మీ బంగారం, మీ పేర ఉన్న స్థలం దాకా బ్యాంకు రావచ్చు. తర్వాత డైరెక్టరుగా రాజీనామా చేసినా, పాత అప్పుకు ఇచ్చిన హామీ పోదు. డైరెక్టరు కాగితం, హామీ కాగితం వేరు. ఏది ముందు పెట్టారో చదవకుండా పెన్ను తీయకండి.

కంపెనీ చెక్కు బౌన్సయితే, దాని మీద సంతకం మీదైతే కేసులో మీ పేరూ ఉంటుంది. ‘నాకేం తెలియదు, మామగారు పెట్టమన్నారు’ అంటే కోర్టు వినదు. కంపెనీ కాగితాలు ఆన్‌లైన్‌లో ఫైల్ చేయడానికి డైరెక్టరుకు డిజిటల్ సంతకం ఉంటుంది. దాని టోకెన్ పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. చాలామంది ఇళ్లల్లో అది, పాస్‌వర్డ్‌తో సహా, ఆడిటరు గారి డ్రాయర్లో పడి ఉంటుంది. దాంతో ఏది ఫైల్ చేసినా మీరు చేసినట్టే. అది మీ దగ్గరే ఉంచుకోండి.

నిజంగా వ్యాపారం చూసుకోవాలని ఉంటే తప్పక చేరండి. నేను వద్దనను. డీఐఆర్-2 సమ్మతి పత్రం ఇచ్చేముందు గత రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు, లోను మంజూరు పత్రం అడగండి. బోర్డు మీటింగులకు వెళ్లండి. ఒప్పుకోని విషయం మినిట్స్‌లో (మీటింగు రికార్డులో) రాయించండి. ఏడాదిపాటు ఒక్క మీటింగుకూ వెళ్లకపోతే పదవి దానంతటదే పోతుంది. తప్పుకోవాలనుకుంటే కంపెనీకి లిఖితంగా రాజీనామా ఇవ్వండి. వాళ్లు కంపెనీల రిజిస్ట్రారుకు తెలపకుండా నానబెడితే, రాజీనామా తెలిపే డీఐఆర్-11 ఫారం మీరే ఫైల్ చేసుకోవచ్చు.