వెనక్కి రమ్మనే మాట: ఒక యువ రచయిత్రికి లేఖ

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. దోర్నాల పైన అడవి అంటుకోవడం, పన్నెండుమంది అటవీ వాచర్లను వెంటబెట్టుకుని ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు కొండెక్కడం, మంటలోకి దూకి జింకపిల్లను ఎత్తుకు రావడం, తెల్లారేసరికి ఊరంతా అతన్ని భుజాలకెత్తుకోవడం. మార్కాపురం పిల్ల తన కొండల గురించి రాయాలనుకున్నందుకు ముందు సంతోషించాను. పశ్చిమ ప్రకాశం అనగానే కరువు, వలస, పలకల గనులు గుర్తొస్తాయి మనకు. శివరాత్రి దాటితే నల్లమలలో మొదలయ్యే మంటల గురించి, చేతిలో కొమ్మ పట్టుకుని వాటి మీదికి నడిచే మనుషుల గురించి మన కథల్లో నేను చదివింది చాలా తక్కువ. అందుకే ఈ కథ బాగా రావాలని నాకు ఆత్రంగా ఉంది. కాస్త గట్టిగా మాట్లాడితే నొచ్చుకోకు.

ముందు ఆ జింకపిల్లను తీసెయ్యి. జాలి లేక అనడం లేదు. నీ ఆఫీసరు మంటలోకి దూకిన ఆ కాసేపు తక్కిన పన్నెండుమందిని ఎవరు చూస్తున్నారు? గాలి తిరిగితే ఎవరు కేక వేస్తారు? నీ కథలో దీనికి జవాబు లేదు. జట్టును నడిపేవాడు చేతిలో కొమ్మ పట్టి మంటను బాదడం మొదలుపెట్టాడంటే ఆ జట్టుకు కళ్లు పోయినట్టే. పెళ్లి భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి గరిటె పట్టకుండా పంక్తి చివర నిలబడి ఉంటాడు చూడు, ఏ విస్తరిలో ఏది అయిపోయిందో ఆయనకే తెలుస్తుంది. జట్టు పెద్ద పని అలాంటిది. అతను నిలబడే చోటు మంటకు దగ్గరగా ఉండదు, మనుషులందరూ కనిపించేలా ఉంటుంది. నీ కథ కూడా అక్కడే నిలబడాలి.

నీ ఆఫీసరు మంట కనపడగానే "పదండి" అంటాడు. పని తెలిసినవాడు మంట కనపడగానే ఆగుతాడు. ఆ ఆగిన కాసేపట్లో అతని మనసులో నడిచేదే నీ కథకు అసలు సరుకు. చిటికెడు దుమ్ము తీసి వదిలి గాలి ఎటో చూస్తాడు. కింద రాలిన టేకాకు తీసి అరచేతిలో నలుపుతాడు. అది మెత్తగా మడత పడిందా, పొడిపొడి అయిందా అన్నదాన్ని బట్టి ఆ మధ్యాహ్నం ఎలా గడవబోతుందో అతనికి సగం తెలిసిపోతుంది. మంట కొండకు ఏ పక్కన ఉందో చూస్తాడు. మంట ఎగువకు పరుగెత్తుతుంది. దాని సెగ పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టి పెడుతుంది కాబట్టి అంటుకోవడానికి క్షణం పట్టదు. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్ల లెక్క. పగలు ఎండ కాసినంతసేపు గాలి లోయలోంచి పైకి ఎక్కుతుంది, రాత్రి నేల చల్లబడ్డాక కిందికి దిగుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఎంతకీ లొంగని మంట అర్ధరాత్రి దాటి గడ్డికి చెమ్మ పట్టాక దారికొస్తుంది. అలాగని రాత్రి పని తేలికని కాదు. కాలి కింద గుంత కనపడదు, పైనుంచి దొర్లే రాయి కనపడదు, ఎలుగుబంటి ఎటునుంచి వస్తుందో తెలియదు.

నువ్వేమో మంటను కొండ కింద పెట్టి, మనుషులను పైన నిలబెట్టి, మధ్యాహ్నం రెండు గంటలకు పోరాటం జరిపించావు. వాళ్లలో ఒక్కరు కూడా మిగలరమ్మా.

అమెరికాలో అడవి మంటలార్పే జట్టు నాయకుడు పాల్ గ్లీసన్ 1991లో ఈ జాగ్రత్తలన్నిటినీ నాలుగింటికి కుదించాడు: దూరంనుంచి మంటను కనిపెట్టి ఉండే కావలి మనిషి, అందరికీ మాట అందే ఏర్పాటు, తప్పించుకునే దారి, చేరుకోవలసిన క్షేమమైన చోటు. ఈ నాలుగూ కుదిరాకే పని మొదలు. మన నల్లమలలో రెండోదే పెద్ద చిక్కు. ఘాట్ రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే చాలాచోట్ల ఫోను మోగదు. అప్పుడు ఈల ఉండాలి, లేకపోతే కేక ఉండాలి, ఆ కేకకు అర్థమేమిటో ముందే అనుకుని ఉండాలి. క్షేమమైన చోటు కోసం ఎక్కడికో పరుగెత్తనక్కరలేదు, చాలాసార్లు అప్పటికే కాలి నల్లబడ్డ నేలే అది. అక్కడ తిరిగి కాలడానికి ఏమీ మిగలదు. అందుకే ఒక కాలు నలుపు మీద ఉంచి పనిచేయమంటారు.

ఇక కొమ్మ సంగతి. నీ వాచర్లు కొమ్మలెత్తి దబదబా బాదుతారు. అలా బాదితే నిప్పురవ్వలు ఎగిరి వెనకాల పడతాయి. కొమ్మను తల మీదికి ఎత్తకూడదు. మంట అంచు మీద పరిచి, అదిమి, కాలిన వైపుకు ఈడ్చాలి. అదిమి ఈడ్చడం, అదిమి ఈడ్చడం, గంటల తరబడి, నడుము వంచి. ఇంకొకటి చూడు: ఫాల్గుణంలో నల్లమలలో చాలా చెట్లు ఆకు రాల్చి నిలబడి ఉంటాయి. పచ్చి కొమ్మ ఎక్కడ దొరుకుతుంది? వాగు పక్కన నేరేడు దగ్గర దొరకవచ్చు. అంటే మంట దగ్గరికి వెళ్లే ముందు వాగు దగ్గరికి వెళ్లాలి, ఏ వాగు పక్కన ఆకు ఉందో తెలిసిన మనిషి జట్టులో ఉండాలి. ఆ మనిషి చెంచు గూడెంనుంచి వచ్చినవాడై ఉంటాడు. నీ కథలో అతనికి పేరు లేదు, 'ఒక చెంచు' అని రాశావు. అతనికి పేరు పెట్టు, మాట ఇవ్వు, ఆఫీసరుకు ఎదురు చెప్పే హక్కు ఇవ్వు.

ఎందుకంటే ఈ కథ అసలు మాట గురించి. ఎవరి మాట ఎవరు వింటారు, ఎందుకు వింటారు అన్నదాని గురించి. అడవి పెద్దదై, మనుషులు కొద్దిమందై, నీళ్లు అసలే లేనప్పుడు నాయకుడి చేతిలో ఉండేది మాట ఒక్కటే. అందులోనూ 'ముందుకు పదండి' అనే మాట ఎవరైనా వింటారు. కళ్లెదుట అడవి కాలిపోతుంటే, ఇంకాస్త కొడితే ఆరిపోతుందనిపిస్తుంటే, 'వదిలేసి వెనక్కి రండి' అన్నప్పుడు వినడమే కష్టం.

రెండు ఉదంతాలు చెబుతాను. రెండూ జరిగినవే.

1910 ఆగస్టులో అమెరికాలోని ఐడహో, మోంటానా అడవులు తగలబడ్డాయి. ఎడ్ పులాస్కీ అనే రేంజరు నలభైమందికి పైగా కూలీలతో మంటల మధ్య చిక్కుకుని, వాళ్లందరినీ ఒక పాత గని సొరంగంలోకి తోలాడు. లోపల పొగ, ఊపిరాడదు. కొందరు బయటికి పరుగెత్తబోయారు. అతను తుపాకి తీసి, గడప దాటినవాణ్ని కాల్చేస్తానన్నాడు. కొందరు చనిపోయినా ఎక్కువమంది బతికారు. ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క మన్ను గీకే పలక ఉన్న పనిముట్టును అక్కడి జట్లు ఈనాటికీ అతని పేరుతోనే పిలుస్తాయి.

1949 ఆగస్టు 5న మోంటానాలో మాన్ గల్చ్ అనే లోయలో, విమానంలోంచి దూకి మంటలార్పే జట్టు ఒకటి చిక్కుకుంది. నాయకుడు వాగ్నర్ డాడ్జ్. ఎండుగడ్డి వాలు మీద మంట వెనకనుంచి తరుముకొస్తోంది. అతను పనిముట్లు పారేయమన్నాడు. తర్వాత అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, కాలిపోయిన ఆ చోటికి రమ్మని అందరినీ పిలిచాడు. ఎవరూ రాలేదు. మంటనుంచి పారిపోతున్న మనిషికి ఇంకో మంటలోకి రమ్మంటే ఎలా నమ్మకం కలుగుతుంది? అతను బూడిదలో బోర్లా పడుకుని బతికాడు. ఇద్దరు కుర్రవాళ్లు రాతి చీలికలోంచి గట్టు దాటి బతికారు. పదమూడుమంది చనిపోయారు. డాడ్జ్ పన్నిన ఉపాయంలో తప్పు లేదు. కానీ ఆ జట్టులో చాలామంది అంతకుముందు అతని కింద పనిచేసినవాళ్లు కారు. ఆ అరనిమిషంలో అతన్ని నమ్మడానికి వాళ్ల దగ్గర పాత రోజులేవీ లేవు.

నీ కథకు ఆ పాత రోజులు కావాలి. నీ కథ మంటతో మొదలై మంటతో ముగుస్తుంది, నేనైతే జనవరిలో మొదలుపెడతాను. ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు వేసే రోజులవి. గడ్డి కోసి, ఆకు ఊడ్చి, కాపలా ఉండి కాల్చి, మంట వచ్చినా దాటలేని ఖాళీ బాట చేస్తారు. అక్కడ చూపించు నీ ఆఫీసరును. అందరూ నీళ్లు తాగాక తాగుతాడా, ముందే తాగుతాడా? వేతనం ఆలస్యమైతే వాళ్ల ముఖం చూసి మాట్లాడతాడా, జీపు దిగకుండానే వెళ్లిపోతాడా? బాట ఇక్కడ కాదు సారూ, ఆ గట్టు వెంట వేద్దాం అని చెంచు వాచరు అన్నప్పుడు వింటాడా? ఏప్రిల్‌లో అతని కేక ఎవరు వింటారన్నది జనవరిలోనే తేలిపోతుంది. ఇదంతా రాస్తే మంట గురించి నువ్వు ఒక్క పేజీ రాసినా చాలు, పాఠకుడికి గుండె దడ ఆగదు.

నిప్పు పెట్టినవాణ్ని నువ్వు దుర్మార్గుణ్ని చేశావు. మీసం, ఎర్రకళ్లు, పగ. అంత సులువు కాదు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు ఉంటారు. తునికి చెట్టుకు లేత ఆకు రావాలని, గొడ్లకు కొత్త గడ్డి మొలవాలని నిప్పు పెట్టేవాళ్లు ఉంటారు. శ్రీశైలం వెళ్తూ దారిలో వండుకుని పొయ్యి ఆర్పకుండా లేచిపోయేవాళ్లు, బీడీ విసిరేసేవాళ్లు ఉంటారు. మంట పెట్టినవాడూ ఆర్పడానికి వచ్చినవాడూ ఒకే ఊరివాళ్లు కావచ్చు, బావా బావమరుదులే కావచ్చు. ఆ సంగతి వాచరుకు తెలిసి, ఆఫీసరుకు తెలియక, ఇద్దరూ ఒకే గట్టు మీద పక్కపక్కన కొమ్మలు ఈడుస్తూ ఉంటే? నీ కథ ఇక్కడ ఉంది, ఎర్రకళ్లలో లేదు.

ఎదురు మంట, అంటే వచ్చే మంటకు కాలడానికి ఏమీ మిగలకుండా ముందే మనం పెట్టే మంట, దాని దగ్గర ఒక పొరపాటు ఉంది, తప్పక దిద్దు. డాడ్జ్ గడ్డిలో పెట్టింది ఇది కాదు, అది ప్రాణం మీదికొచ్చాక దాక్కోవడానికి పెట్టిన మంట. నీ ఆఫీసరు గడ్డి మధ్యలో నిలబడి నిప్పు పెడతాడు. ఎదురు మంటను బాటనుంచో, వాగునుంచో, రోడ్డునుంచో మొదలుపెట్టాలి, వెనకాల కాలడానికి ఏమీ ఉండకూడదు. పెట్టే ముందు ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచి లెక్క చూసుకోవాలి. రెండు మంటల మధ్య ఒక్కరు మిగిలినా అది హత్యే. ఆ పేర్లు పిలిచే ఘట్టం రాయి. పన్నెండు పేర్లు, పదకొండు జవాబులు. ఇంతకంటే ఉత్కంఠ నీకేం కావాలి?

ఉపగ్రహం సమాచారం గురించి రాసింది బాగుంది. అయితే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వేనుంచి ఫోనుకు వచ్చే ఆ చుక్క, ఉపగ్రహం తల మీదుగా పోయినప్పటి మంట జాడ. మనిషి అక్కడికి నడిచి చేరేసరికి మంట గట్టు దాటి ఉండవచ్చు. చుక్క చూసి బయలుదేరినవాడికీ, పొగ రంగు చూసి దారి మార్చినవాడికీ మధ్య ఒక సంభాషణ పెట్టు.

ఇక నాకు బాధ కలిగించే సంగతి. నీ వాచర్లకు శిరస్త్రాణాలు, అగ్ని తగలని దుస్తులు తొడిగావు. ఎక్కడో సినిమాలో చూసి ఉంటావు. అమెరికా జట్ల నడుముకు, ప్రాణం మీదికొస్తే కప్పుకోవడానికి మడత పెట్టిన గుడారం ఉంటుంది. మన మనిషి మామూలు చొక్కాతో, ఒక్కోసారి చెప్పులతో వెళ్తాడు. ఆ చొక్కా పాలిస్టర్ అయితే సెగకు కరిగి ఒంటికి అంటుకుంటుంది, నూలుబట్ట నయం. 2020 ఫిబ్రవరిలో కేరళలో త్రిస్సూర్ జిల్లా దేశమంగళం దగ్గర ముగ్గురు అటవీ వాచర్లు మంటల్లో చనిపోయారు. వాళ్లూ ఇలాంటి మనుషులే. లేని రక్షణను కథలో తొడిగితే, అది లేదన్న సంగతిని మనమే కప్పిపెట్టినట్టవుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయి. చదివినవాడికి కోపం రానీ.

అగ్ని నాలుకలు, మృత్యుదేవత నాట్యం, ఎర్రటి తాండవం, ఇవన్నీ కొట్టేశాను. మంటకు చప్పుడు ఉంటుంది, అది రాయి. వెదురు పొద అంటుకుంటే కణుపులు పేలే మోత ఎలా ఉంటుందో, బోధ గడ్డి అంటుకుంటే ఎలా ఉంటుందో అడిగి తెలుసుకుని రాయి. గూడెంలో ఇల్లు కప్పుకునేది ఆ బోధ గడ్డితోనే అన్నదీ మరిచిపోకు.

మంట ఆరడంతో పని అయిపోదు కాబట్టి నీ ముగింపులో ఊరేగింపు పనికిరాదు. పడిపోయిన మాను లోపల నిప్పు రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. మర్నాడు మళ్లీ వెళ్లి, మొద్దులు దొర్లించి, బూడిద మీద చేతి వెనక భాగం ఆనించి వేడి ఉందో లేదో చూసుకుంటూ అంచు వెంట నడవాలి. ఆ నడకలో జట్టు పెద్ద ఎవరితో ఏం మాట్లాడతాడో, ఎవరితో మాట్లాడలేకపోతాడో రాయి.

కథ తిరిగి పంపుతున్నాను. పెన్సిలు గీతలు చూసి భయపడకు. చెంచు వాచరు మొదటిసారి కనిపించే పేరా మీద మాత్రం ఒక్క గీత కూడా పెట్టలేదు, అది అలాగే ఉంచు. ఈ జనవరిలో రేంజి ఆఫీసులో అనుమతి అడిగి, ఫైర్ లైను పని జరిగేచోటికి ఒక వారం వెళ్లు. నోటుపుస్తకం మొదటి రోజు బయటికి తీయకు, నీళ్ల బిందె మొయ్యి. పాతకాలం వాచరు ఎవరైనా ఉంటే, ఎప్పుడు ఏ మంటను వదిలేసి వచ్చారో, ఎవరు రమ్మంటే వచ్చారో అడుగు. తిరిగొచ్చాక ఒక ఉత్తరం రాయి. కథ సంక్రాంతికే కావాలని నేనేమీ తొందరపెట్టను, ఉగాదికి పంపినా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన