బొమ్మలు తుడవడం కూడా పరిశోధనేనా?

ప్రశ్న: మా అమ్మాయి వాంకూవర్‌లో బీఏ సైకాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. పసిపిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో వారానికి ఎనిమిది గంటలు పనిచేస్తానంటోంది. జీతం లేదు. బొమ్మలు తుడవడం, తల్లులకు ఫోన్లు చేయడం, వీడియోలు చూడటం అక్కడి పనులట. ఇందుకోసం చదువుకునే సమయం పోగొట్టుకోవాలా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: చేరనివ్వండమ్మా. డిగ్రీ రోజుల్లో నేనూ అలాంటి ల్యాబ్‌లో రెండేళ్లు పనిచేశాను. ఆ పనులు చిన్నవి కావు.

ఫోన్ల సంగతే తీసుకోండి. ఏడు నెలల పాప నిద్ర లేచి, పాలు తాగి, హుషారుగా ఉండే ముప్పావు గంట ఎప్పుడో తల్లిని అడిగి తెలుసుకుని, సరిగ్గా ఆ వేళకే రమ్మనాలి. ఒకసారి నేను నిద్రవేళకు పిలిచాను. రెండు నిమిషాలు గడవకముందే పాప గుక్కపెట్టి ఏడ్చింది. కొలత పనికిరాలేదు. గంట ప్రయాణం చేసి వచ్చిన ఆ తల్లికి క్షమాపణ చెప్పి పంపాను. ఆ తర్వాత నిద్రవేళ అడగకుండా ఎవరికీ సమయం ఇవ్వలేదు.

మాటలు రాని బిడ్డకు ఏం తెలుసో అడిగి తెలుసుకోలేం. ఎటు చూసింది, ఎంతసేపు చూసింది అన్నదే మనకు దొరికే జవాబు. దాన్ని లెక్కించేది ఆ వీడియోల్లోనే. పాపకు ధ్వనులు వినిపిస్తూ తీసిన ఆ వీడియోలను శబ్దం ఆపేసి చూసేవాళ్లం. ఏ ధ్వని వినిపించారో తెలిస్తే, మనం కోరుకున్నదే కంటికి కనిపిస్తుంది. పది నిమిషాల వీడియోకు మొదట్లో నాకు రెండు గంటలు పట్టేది. అదే వీడియోను మరొకరు విడిగా లెక్కిస్తారు. ఇద్దరి లెక్కలూ కలవకపోతే మళ్లీ మొదటికే.

మీ అమ్మాయి ఉన్న ఊరికి ఈ రంగంలో గొప్ప పేరుంది. అక్కడి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, తర్వాత అక్కడే ప్రొఫెసర్ అయిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్‌తో కలిసి 1984లో ఒక పరిశోధన ప్రచురించారు. హిందీ ‘ట’, ‘త’ల తేడాను ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలు 6–8 నెలల వయసులో బాగా గుర్తుపట్టారు. 10–12 నెలలు వచ్చేసరికి వారిలో చాలామందికి ఆ తేడా అందలేదు. హిందీ వింటూ పెరిగే పిల్లలకు మాత్రం ఏడాది నిండబోతున్నా తెలుస్తూనే ఉంది. మీ అమ్మాయికి ఆ తేడా ఉగ్గుపాలతోనే అబ్బింది. రికార్డు చేసిన ‘ట’ సరిగ్గా పలికిందో లేదో వినగానే చెప్పగల చెవి అలాంటి ల్యాబ్‌కు ఎంతో అవసరం.

చేరిన కొత్తలో మనుషులపై పరిశోధనకు సంబంధించిన నైతిక నియమాల శిక్షణ ఉంటుంది. ఒక సెమిస్టర్ పనిచేశాక దాన్నే క్రెడిట్లు వచ్చే కోర్సుగా మార్చుకునే వీలు చాలాచోట్ల ఉంది. చివరి సంవత్సరం సొంత ప్రశ్నతో ఆనర్స్ థీసిస్ (డిగ్రీ పరిశోధన వ్యాసం) రాయాలన్నా, పైచదువులకు సిఫారసు లేఖ కావాలన్నా ఈ పరిచయమే ఆధారం. రెండు వందల మంది తరగతిలో చూసిన ప్రొఫెసర్ మార్కుల గురించే రాయగలరు.

అయితే చేరేముందు మూడు మాటలు అడగమనండి. పని నేర్పేది ఎవరు? వారం వారం జరిగే ల్యాబ్ సమావేశానికి విద్యార్థులను రానిస్తారా? పరీక్షల వారాల్లో గంటలు తగ్గిస్తారా? వీటికి సరైన జవాబు రాకపోతే వేరే ల్యాబ్ చూసుకోమనండి.